కెవిన్‌ని అడగకుండా మూడు ఫ్లాష్‌లు

అక్టోబరు 4, శనివారం. రూవి, మస్కట్. ఉదయం 7.10

ఈ డైరీ జనవరిలో ఒక మందుల కంపెనీవాళ్ళు ఇచ్చారు. తొమ్మిది నెలలుగా వంటింట్లో కుక్కర్ కింద ఉంది. అట్ట మీద గుండ్రటి మచ్చ. ఈరోజుతో దీనికి విడుదల!

నిన్న సాయంత్రం తెలుగు ఆరాధన అయ్యాక పాస్టరుగారు ప్రకటించారు. సువార్తమ్మగారు ఇరవై ఏడేళ్ల నర్సు ఉద్యోగం ముగించుకుని ఈ నెల ఇరవైన చీరాల వెళ్ళిపోతున్నారు. మళ్ళీ రారు. ఇక్కడి భాషలో చెప్పాలంటే క్యాన్సిల్, అంటే వీసా రద్దు. పదిహేడో తేదీ శుక్రవారం వీడ్కోలు, గ్రూపు ఫొటో.

మా తెలుగు క్రైస్తవుల సహవాసంలో ఇదొక ఆచారం. ఎవరు మస్కట్ వదిలి వెళ్ళినా అందరం కలిసి ఫొటో దిగి, ఫ్రేము కట్టించి వాళ్ళ చేతిలో పెట్టాలి. పద్నాలుగేళ్లుగా ఫొటోగ్రాఫర్ని నేనే. వారానికి ఆరు రోజులు ఆసుపత్రిలో జనం ఎముకల్ని ఎక్స్‌రే తీస్తాను కాబట్టి, ఏడో రోజు మొహాలు తీసే అర్హత నాకే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

ప్రకటన అవగానే సువార్తమ్మగారు నా దగ్గరికి వచ్చారు.

"ఇమ్మానియేలూ, ఒక మాట చెప్తా, ఏమనుకోమాక. ఇరవై ఏడేళ్లల్లో ఎన్ని ఫొటోలు దిగానో లెక్కే లేదు. ఒక్కదాంట్లో నా మొగం సరిగ్గా కనపడదబ్బాయ్. చీరాల్లో గోడకి తగిలిస్తే మా చెల్లెలి పిల్లలు 'ఇందులో నువ్వెక్కడ పెద్దమ్మా' అని అడగరూ?"

నవ్వేశాను. ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచి పాత ఫొటోలన్నీ చూశాను. నవ్వు ఆగిపోయింది. ముప్పై ఒక్క ఫొటోలు.

- పదిహేడింటిలో ఎడమ చివర చీకట్లో ఒక తెల్ల యూనిఫాం ఉంది. మనిషి లేదు.
- తొమ్మిదింటిలో ముందున్నవాళ్ళ భుజం అడ్డం.
- నాలుగింటిలో సగం చెవి.
- ఒకదాంట్లో అసలు లేరు. అది రాత్రి డ్యూటీ వారం.

తప్పు ఆవిడది కాదు. నర్సులందరూ డ్యూటీ దిగి ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొస్తారు, ఎడమ చివర నిలబడతారు. కెమెరా నెత్తిన ఉన్న నా ఒక్క ఫ్లాష్ వెలుతురు అక్కడిదాకా వెళ్ళదు.

"ఈసారి మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, సరిపోద్ది" అంది మా ఆవిడ మణికుమారి. ఆవిడ కూడా నర్సే. ఆ మాట ఫోన్లో సువార్తమ్మగారికి చెప్తే, "నేను ఎవరి మధ్యనో బొమ్మలాగా కూర్చోను. నా పిల్లల పక్కనే నుంచుంటా" అన్నారు. పిల్లలంటే ఆవిడ తర్ఫీదు ఇచ్చిన నర్సులు. కాబట్టి ఆవిడ వెలుతురు దగ్గరికి రారు. వెలుతురే ఆవిడ దగ్గరికి వెళ్ళాలి!

నా ఆయుధాలు: కెమెరాతో వచ్చిన ఫ్లాష్ పోయిన నెల పంట పండుగలో కాలిపోయింది. మిగిలినవి మూడు. మూడూ వేరే వేరే కంపెనీలవి, ఒక్కటీ నా కెమెరా కంపెనీది కాదు. ఎందుకంటే ఏదీ నేను కొన్నది కాదు. వెళ్ళిపోయేవాళ్ళు సామాన్లు పంచిపెట్టి వెళ్తారు. ఒకరికి రైస్ కుక్కర్, ఒకరికి ఇస్త్రీ పెట్టె, నాకు ఫ్లాష్. ఇచ్చినవాళ్ళ సంఘాల పేర్లే వాటికి పెట్టుకున్నాను. ఒంగోలు దేవదానంగారిది బాప్టిస్టు ఫ్లాష్. గుంటూరు ప్రభుదాసుగారిది లూథరన్ ఫ్లాష్. భీమవరం యోనాగారిది పెంతెకొస్తు ఫ్లాష్. నేను బందరు సి.ఎస్.ఐ. కాబట్టి కెమెరా సి.ఎస్.ఐ. ఈ పేజీ పాస్టరుగారి కంట పడకూడదు.

ఇంకా వైర్‌లెస్ ట్రిగ్గర్ల సెట్టు. అయిదేళ్లుగా అట్టపెట్టెలోనే ఉంది. కెమెరా నెత్తిన ఒక చిన్న డబ్బా, ఒక్కో ఫ్లాష్ కింద ఒక డబ్బా. నేను బటన్ నొక్కగానే పై డబ్బా రేడియోలో కేక వేస్తుంది, కింది డబ్బాలు విని ఫ్లాష్‌లను వెలిగిస్తాయి. అంతే. ఇందులో కష్టమేముంది?

కష్టమంటే కెవిన్. ఇరవై ఏడేళ్ల నర్సు కుర్రాడు. కెమెరా, ఫ్లాష్, ట్రిగ్గర్ అన్నీ ఒకే కంపెనీవి, అన్నీ కొత్తవి. ప్రతి శుక్రవారం వచ్చి "అంకుల్, హెల్ప్ కావాలా?" అంటాడు. నాకు నలభై మూడు. అంకులట!

తీర్మానాలు:
1. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అభ్యాసం. రోజూ డైరీ.
2. కొత్త వస్తువు ఒక్కటీ కొనను. (సాక్షి సంతకం: మణికుమారి)
3. కెవిన్‌ని ఒక్క మాట కూడా అడగను.

సంతకం: ఇమ్మానియేలు. పదమూడు రోజులు ఉన్నాయి. ఎక్కువే!

అక్టోబరు 5, ఆదివారం. సాయంత్రం 6.15

మొదటి పరీక్ష. మూడు ఫ్లాష్‌లు హాల్లో బల్ల మీద. బటన్ నొక్కాను.

బాప్టిస్టు: తప్! ఒక్క పిలుపుకే పలికింది.
లూథరన్: మౌనం. మళ్ళీ నొక్కాను. మౌనం. బ్యాటరీలు మార్చాను. గౌరవనీయమైన మౌనం.
పెంతెకొస్తు: నేను నొక్కకముందే వెలిగింది. టీ కప్పు కింద పెడితే వెలిగింది. దగ్గితే వెలిగింది.

"ఏందండీ ఇది? ఉల్లిపాయలు కోసుకుంటుంటే మెరుపులు!" అని వంటింట్లోంచి కేక.

మూడింటిలో ఒకటి మాట విన్నది, ఒకటి మరీ ఎక్కువ విన్నది. మొదటి రోజుకి ఇది ఘనవిజయమే.

అక్టోబరు 6, సోమవారం. సాయంత్రం 6.50

కనిపెట్టాను!!

ఫ్లాష్‌లను తిరగేసి పాదాలు చూశాను. ప్రతిదానికీ కింద లోహపు చుక్కలు ఉన్నాయి. ఒకదానికి నాలుగు, ఒకదానికి అయిదు, ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెట్టింది. చీమలు చదువుకోవడానికి అచ్చువేసిన కాగితాన్ని భూతద్దంతో చదివితే సంగతి తేలింది. పక్క చుక్కలు ఆ కంపెనీ సొంత గుసగుసలు, ఎంత వెలుతురు ఇవ్వాలి, ఎప్పుడు తగ్గించాలి అని. వేరే కంపెనీ కెమెరాకి అవి తగిలితే గందరగోళం. మధ్యలో ఉన్న పెద్ద చుక్క మాత్రం అందరికీ ఒకటే. అది ఒకే ఒక్క మాట చెబుతుంది: వెలుగు.

కాబట్టి పక్క చుక్కల్ని టేపుతో మూసేసి, మధ్యది వదిలేయాలి. మణికుమారి డ్యూటీ బ్యాగులోంచి తెల్లటి ఆసుపత్రి టేపు తెచ్చింది, గాయాలకు అంటించేది. సన్నగా కత్తిరించి ట్రిగ్గర్ పాదానికి, మూడు ఫ్లాష్‌ల పాదాలకు అంటించాను.

తప్! తప్! తప్! ముగ్గురూ ఒకేసారి!

మా సహవాసం కూడా ఇంతే కదా అనిపించింది. రకరకాల సంఘాల నుంచి వచ్చి ఒకే హాల్లో కూర్చుంటాం. బాప్తిస్మానికి నీళ్ళు ఎంత లోతు ఉండాలన్న విషయం ఎత్తం. మధ్య చుక్క కలిస్తే చాలు. ఈ వాక్యం ఎవరికైనా చెప్పాలని ఉంది. కెవిన్‌కి తప్ప.

ఫ్లాష్‌ల మీద ఎంత వెలుతురో ఇక చేత్తోనే పెట్టుకోవాలి. పెట్టుకుంటా. నాకు చేతులున్నాయి.

అక్టోబరు 7, మంగళవారం. సాయంత్రం 7.05

మణికుమారిని నిలబెట్టి తీశాను. ముక్కు పైదాకా మహారాణి. ముక్కు కింద కారు నలుపు. పది తీశాను, పదీ అంతే.

"నా మూతి ఏమైందండీ?"

యాభై నిమిషాల పరిశోధన తర్వాత తెలిసింది. షట్టర్ మరీ వేగంగా పెట్టాను, ఫ్లాష్ వెలిగేసరికి కెమెరా లోపలి తెర సగం మూసేసుకుంటోంది. సెకనులో రెండువందో వంతు కన్నా వేగంగా పెట్టకూడదట. తగ్గించగానే మూతి తిరిగొచ్చింది. రాగానే అది చాలా మాట్లాడింది.

కెవిన్‌ని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో... ఈ వాక్యం కొట్టివేయడమైనది.

అక్టోబరు 8, బుధవారం. సాయంత్రం 7.00

ఈరోజు యాభై రెండు ఎక్స్‌రేలు. దానికి తోడు ఒక బిల్డింగు సైటులో నిచ్చెన జారి ముగ్గురు ఒకేసారి వచ్చారు. "కదలొద్దు, ఊపిరి బిగబట్టండి" అని యాభై రెండుసార్లు అన్నాక నాకే ఊపిరి లేదు.

అభ్యాసం చేయలేదు. అయితే ఆరు నుంచి ఏడు దాకా ఫ్లాష్‌ల ఎదురుగా సోఫాలోనే కూర్చున్నాను. తీర్మానంలో సమయమే రాశాను, భంగిమ రాయలేదు.

అక్టోబరు 9, గురువారం. సాయంత్రం 6.30

డ్యూటీ దిగి రూవి బజార్లో కమ్రాన్ దుకాణానికి వెళ్ళాను. కెమెరాలు బాగుచేస్తాడు, కరాచీ మనిషి. మూడో తీర్మానం కెవిన్ గురించి. కమ్రాన్ కెవిన్ కాడు.

నా మూడు ఫ్లాష్‌లు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"భాయిసాబ్, యే తో పూరా ఖాందాన్ అలగ్ అలగ్ హై! చలేగా. లేకిన్ సబ్‌కో మాన్యువల్ పే రఖ్నా. ఔర్ యే దేఖో, తీనోఁ మే ఆంఖ్ హై."

కుటుంబమంతా తలో రకమట, అయినా పనిచేస్తుందట, వెలుతురు మాత్రం అన్నిటికీ చేత్తోనే పెట్టాలట. ఇంకా, కన్ను! మూడింటికీ ముందువైపు చిన్న ఎర్రటి కన్ను ఉంది. ఆ మోడ్‌లో పెడితే ఇంకో ఫ్లాష్ వెలుగు కనబడగానే ఇదీ వెలుగుతుంది. ఏ కంపెనీదైనా సరే. ఒక్కదాన్ని డబ్బాతో వెలిగిస్తే చాలు, మిగతావాటికి డబ్బాలు అక్కర్లేదు, టేపు అక్కర్లేదు. ఇన్ని రోజులు ఆ పాదాల సేవ ఎందుకు చేశానో!

వచ్చేటప్పుడు రెండు తెల్ల గొడుగులు తెచ్చాను. ఫ్లాష్‌కి అడ్డం పెడితే వెలుతురు మెత్తగా పరుచుకుంటుందని కమ్రాన్ చెప్పాడు. రెండో తీర్మానం ఉల్లంఘన కాదా అంటే, కాదు. కొత్త వస్తువు అంటే ఫొటో వస్తువు. గొడుగు గొడుగే.

"మస్కట్‌లో గొడుగులెందుకండీ?" అంది మణికుమారి.

"ఎండకి."

"రెండూ నీకేనా?"

కోపం వస్తే మా ఆవిడ 'మీరు' మానేస్తుంది.

అక్టోబరు 10, శుక్రవారం. రాత్రి భోజనానికి ముందు

రాయాలని లేదు. రాస్తాను.

మా హాలు సంగతి ముందు చెప్పాలి. రూవి చర్చి ఆవరణలో ఒకే హాలుని గంటల లెక్కన భాషలవారీగా పంచుకుంటాం. నాలుగు నుంచి ఆరు తెలుగు. ఆరింటికి మలయాళం. మాకు ఆరాధన అయ్యేది 5.50కి. ఫొటోకి పది నిమిషాలే. ఆ పది నిమిషాలు మిగుల్చుకుందామని ఈరోజు రిహార్సల్‌గా ముందే మూడు ఫ్లాష్‌లూ మూడు మూలల్లో పెట్టి, కన్ను తెరిచి, కూర్చున్నాను.

పక్క హాల్లో తమిళంవాళ్ళ నిశ్చితార్థం ఉందని నాకేం తెలుసు? మధ్యలో అద్దాల తలుపు. వాళ్ళ ఫొటోగ్రాఫర్ అక్కడ ఒక ఫ్లాష్ కొడితే ఇక్కడ నావి మూడు కొట్టాయి!

5.05. పాస్టరుగారి దీర్ఘ ప్రార్థన. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. తప్! తప్! తప్!
5.06. వెనక వరసలో ఎవరో పెద్దగా "స్తోత్రం!" అన్నారు.
5.07. అక్కడ ఉంగరాలు మార్చుకుంటున్నారు కాబోలు, వరసగా పదిహేను. కీబోర్డు వాయించే అబ్బాయి రాగం తప్పాడు.
5.08. నేను వంగి, దాదాపు పాకుతూ మొదటి మూలకి చేరుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తున్నది ఒక్క సువార్తమ్మగారే. చేతిరుమాలు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు.
5.11. మూడోది ఆపాను. "ఆమేన్" అన్నారు పాస్టరుగారు, నా వైపు చూస్తూ.

బయటికొచ్చాక కెవిన్, "అంకుల్, కన్ను మోడ్ పెట్టారా?" అన్నాడు.

లేదన్నాను. చర్చి ఆవరణలో అబద్ధం.

అక్టోబరు 11, శనివారం. ఉదయం 10.00

పాస్టరుగారి ఫోన్. చాలా మర్యాదగా మాట్లాడారు, అందుకే ఎక్కువ బాధ. ఆరాధన అయ్యేదాకా ఫ్లాష్‌లు ఆపి ఉంచాలి. ఆ కన్ను మాత్రం మళ్ళీ తెరవకూడదు. మాట ఇచ్చాను. పాత పద్ధతే గతి: రేడియో డబ్బాలు, టేపు.

కెవిన్ మెసేజ్: "అంకుల్, ఈ వీక్ నాకు ఇంగ్లీష్ ఎగ్జామ్ ఉంది. బుధవారం తర్వాత ఫ్రీ. హెల్ప్ కావాలా?" చూశాను. జవాబు ఇవ్వలేదు. ఇరవై ఏడేళ్లొచ్చాక ఇంగ్లీషు పరీక్ష ఏమిటో!

అక్టోబరు 12, ఆదివారం

రాయలేదు. (ఇది 13న రాస్తున్నాను. కాబట్టి రాసినట్టే.)

అక్టోబరు 13, సోమవారం. సాయంత్రం 6.45

సువార్తమ్మగారు ఇంటికి వచ్చారు, చేతిలో ఇడ్లీ పాత్ర. మణికుమారికి.

"నాకేం లేదా అమ్మగారూ?" అన్నాను సరదాకి.

"నీకెందుకిస్తా? ముందు నా ఫొటో చెయ్యి."

అంతలో గోడ పక్కన మూడు ఫ్లాష్‌లు, రెండు గొడుగులు చూశారు. ఒక్కో పాదం తిరగేసి టేపు చూసి, "ఈ కట్టు ఎవరు కట్టారు? అంచులు లేచిపోతన్నయ్" అన్నారు. నేనేనని చెప్పాను. నాలుక చప్పరించారు.

ఒక్క ఫొటో తీసి చూపిస్తాను, మొహం ఎలా వస్తుందో చూద్దురు అన్నాను. వద్దన్నారు.

"ఒంటరిగా పాస్‌పోర్టుకి దిగాను కదబ్బాయ్ పదిసార్లు. అందరిలో కనపడాల. ఇక్కడే ఉన్నాను, వీళ్ళతోనే ఉన్నాను అని కనపడాల. ఈసారి యూనిఫాం కూడా కాదు, చీర కట్టుకుని ఒంటిగంటకే వస్తా. ఆ రోజు డ్యూటీ లేదు నాకు. ఇంకెప్పుడూ లేదు."

తర్వాత ఇడ్లీ రవ్వ కొలత గురించి మాట్లాడుకున్నారు వాళ్ళిద్దరూ. ఈ ఫొటో బాగా రాకపోతే నన్ను నేను క్షమించుకోలేను.

అక్టోబరు 14, మంగళవారం. సాయంత్రం 6.55

పూర్తి రిహార్సల్. హాల్లో జనం: గ్యాస్ సిలిండర్ (పాస్టరుగారు), సూట్‌కేసులు రెండు (గాయకబృందం), కుక్కర్, మిక్సీ, బియ్యం బస్తా, ఎడమ చివర ఇడ్లీ పాత్ర (సువార్తమ్మగారు). రెండు గొడుగులూ తెరిచాను.

తప్! తప్! తప్! పాత్ర మీద ప్రతి గుంటా కనబడింది!!!

విజయం! ఇక మూడు రోజులు ఊరికే విశ్రాంతి తీసుకున్నా పర్వాలేదు.

అక్టోబరు 15, బుధవారం

విశ్రాంతి.

అక్టోబరు 16, గురువారం. సాయంత్రం 7.20

పొద్దున చూస్తే టేపు అంచులన్నీ లేచాయి. ఈ ఉక్కకి చెమట పట్టింది. కొత్తది అంటించాలి. కానీ ఈరోజు ఇద్దరి పని ఒక్కణ్ణే చేసి వచ్చాను, తోటి టెక్నీషియన్ సెలవు. అయిదు నిమిషాలు నడుం వాల్చాను. లేచేసరికి గంటన్నర అయింది.

బల్ల మీద మూడు ఫ్లాష్‌లు, ట్రిగ్గర్ వరసగా పడుకుని ఉన్నాయి. నాలుగు పాదాలకీ తెల్లటి కొత్త కట్లు! మణికుమారి నేను పడుకున్నప్పుడు కట్టేసింది. ఎంత నీట్‌గా! ఎక్కడా ముడత లేదు, అంచు లేవలేదు, చీమ దూరే సందు లేదు. చేయి తిరిగిన నర్సు కదా.

"ఒకసారి కొట్టి చూడరాదూ?" అంది.

వద్దన్నాను. రేపటికి బ్యాటరీ దాచుకోవాలి.

అక్టోబరు 17, శుక్రవారం

గంటల వారీగా రాస్తున్నాను. ఇలా రాస్తేనే పూర్తి చేయగలను.

3.20. ఫ్లాష్‌లు మూలల్లో సిద్ధం. ఆపి ఉంచాను, మాట ప్రకారం. కన్ను మూసి ఉంచాను, మాట ప్రకారం.

5.50. ఆశీర్వాదం అయింది. ఫ్లాష్‌లు ఆన్. గొడుగులు తెరిచాను. నలభై ఒక్క మంది మూడు వరసల్లో. ఎడమ చివర నర్సులు, వాళ్ళ పక్కన మామిడిపండు రంగు పట్టుచీరలో సువార్తమ్మగారు. ఒంటిగంటకే వచ్చారు, చెప్పినట్టే. అయినా నిలబడింది చివరనే.

5.51. బటన్ నొక్కాను. ఏమీ లేదు.

5.52. మళ్ళీ. ఏమీ లేదు. ట్రిగ్గర్ తీసి ఊది పెట్టాను. తట్టాను. బ్యాటరీ మార్చాను. బాప్టిస్టు కూడా పలకలేదు! పెంతెకొస్తు కూడా!

5.53. "ఊపిరి బిగబట్టండి!" అన్నాను అలవాటుగా. నలభై ఒక్క మంది బిగబట్టారు. వదలమని చెప్పడం మర్చిపోయాను.

5.54. గుమ్మంలో మలయాళంవాళ్ళ కీబోర్డు వచ్చింది.

5.55. ఫ్లాష్ లేకుండా ఒకటి తీశాను. తెరలో చూశాను. ఎడమ వైపు, ముప్పై రెండో ఫొటోలోనూ, చీకటి.

తల ఎత్తితే సువార్తమ్మగారు నన్నే చూస్తున్నారు. చిన్నగా నవ్వి, "కంగారు పడమాకబ్బాయ్, ఎట్టొస్తే అట్ట తియ్యి" అన్నారు. అని, పక్క అమ్మాయికి చోటిస్తూ అర అడుగు వెనక్కి జరిగారు. ఇరవై ఏడేళ్ల అలవాటు. ఆ అర అడుగు చూశాక నాకు నా తీర్మానాలన్నీ అసహ్యంగా కనిపించాయి.

5.56. "కెవిన్!" అని అరిచాను. హాలంతా వినబడింది. గుమ్మంలో ఉన్న మలయాళంవాళ్ళు కూడా తిరిగి చూశారు.

కెవిన్ వరసలోంచి దూకి, కుర్చీలో ఉన్న తన కెమెరా అందుకుని వచ్చాడు. నా ట్రిగ్గర్ వైపు చూడను కూడా చూడలేదు.

"కన్ను తెరవండి అంకుల్, మూడింటికీ. నా ఫ్లాష్ చిన్నగా ఒక్కటే కొడతా. అది చూసి మీవి వెలుగుతాయి."

"పాస్టరుగారికి మాటిచ్చానయ్యా!"

పాస్టరుగారు అప్పటికే వరసలోంచి బయటికి వచ్చి అద్దాల తలుపుకి స్వయంగా తెర లాగుతున్నారు. "ఇమ్మానియేలుగారూ, ఈ పూటకి తెరవండి" అన్నారు.

5.57. పరుగెత్తి మూడు కళ్ళూ తెరిచాను. కెవిన్ తన కెమెరా ఎత్తి నొక్కాడు.

తప్!

నాలుగు కంపెనీలు, ఒక్క వెలుగు. హాలు మూలమూలలా తెల్లబడింది. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు అర్థమైంది. ఫ్లాష్ ఉన్నది కెవిన్ కెమెరా మీద కాబట్టి అతను నొక్కితేనే ఇవి వెలుగుతాయి, నేను నొక్కితే కాదు. ఫొటో కెవిన్ కెమెరాలోనే వస్తుంది. నా ఫ్లాష్‌లు, నా గొడుగులు, నా పదమూడు రోజులు. కెమెరా చేతిలో పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడ్డాను.

"నువ్విట్రా" అన్నారు సువార్తమ్మగారు.

"నేనా?"

"పద్నాలుగేళ్లనుంచి నువ్వు మాత్రం ఏ ఫొటోలో ఉన్నావంట? ఇట్రా, నా పక్కన నుంచో."

నిజమే. ముప్పై ఒక్క ఫొటోల్లో ఆవిడని వెతికాను కానీ, నేనున్నానా అని చూడనే లేదు. కెమెరా కుర్చీలో పెట్టి వెళ్ళి ఎడమ చివర నిలబడ్డాను. ఆవిడ నా మోచేయి పట్టుకుని అర అడుగు ముందుకి లాగారు. తనూ జరిగారు.

5.59. తప్! ఒక్కటే. రెండోదానికి టైము లేదు.

6.00. మలయాళం.

అక్టోబరు 18, శనివారం. ఉదయం 9.30

ఫొటో ఫోన్లోకి వచ్చింది.

ఎడమ చివర సువార్తమ్మగారి మొహం. మొత్తం మొహం. నుదుటి మీద ముడతలు, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ, ఆ నవ్వు. పుట్టుమచ్చ ఉందని పద్నాలుగేళ్లలో ఈరోజే తెలిసింది. చాలాసేపు చూశాను. సంతోషంతో కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం దేనికి.

ఆవిడ పక్కన ఒక మనిషి. కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు తెరుచుకుని. ఆ నోటితో నేను అప్పుడు అంటున్న మాట: "ఎవరూ కళ్ళు ముయ్యొద్దు!"

10.15. ట్రిగ్గర్లు ఎందుకు పలకలేదో చూద్దామని కట్టు విప్పాను. పక్క చుక్కలు మూసి ఉన్నాయి. మధ్య చుక్క కూడా మూసి ఉంది. నాలుగింటికీ. రెండు పొరలు.

"మధ్యది వదిలెయ్యాలి కదా!" అన్నాను.

"గాయాన్ని మధ్యలో వదిలేసి ఎవరైనా కడతారా? మొత్తం కప్పి, అంచులు నొక్కి, గాలి చొరకుండా కట్టాలి. మాకు అట్టానే నేర్పిచ్చారు."

"ఎవరు నేర్పించారు?"

"ఎవరేంటండీ, సువార్తమ్మగారు!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. కొట్టి చూడమని తను అడిగిందన్న సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. తను ఎందుకు ఎత్తలేదో తెలియదు. ఇంకో గొడవకి దాచిపెట్టుకుని ఉంటుంది.

అక్టోబరు 20, సోమవారం. మధ్యాహ్నం 2.00

ఎయిర్‌పోర్టులో సువార్తమ్మగారికి ఫ్రేము ఇచ్చాం. కాగితం అక్కడే చింపేసి చూసుకున్నారు. వేలు పెట్టి ఫొటోలో తన మొహాన్ని తడిమారు, తర్వాత నా మొహాన్ని.

"ఇందులో నువ్వెక్కడ పెద్దమ్మా అని ఇక ఎవరూ అడగరబ్బాయ్. ఈ నిద్రపోయేటాయన ఎవరు అని అడుగుతారు."

కట్టు సంగతి మణికుమారి చెప్పింది. చెక్‌ఇన్ వరసలో నిలబడి పగలబడి నవ్వారు. "బాగా కట్టావు, నా పేరు నిలబెట్టావు" అని మణికుమారి బుగ్గ గిల్లారు. నా వాటా కూడా ఇచ్చారు, మొన గుండ్రంగా ఉన్న ఒక చిన్న కత్తెర. గాయాల కట్టుగుడ్డ కత్తిరించేది. "ఈసారి టేపు నువ్వే కత్తిరించుకో. మధ్యలో చిల్లు పెట్టు."

లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూడలేదు. ఫ్రేముని మాత్రం గుండెకి ఆనించుకున్నారు, మొహాలు బయటికి కనబడేలా.

తిరుగు దారిలో కారు వెనక సీట్లో కెవిన్. ఉన్నట్టుండి, "అంకుల్, నా ఎగ్జామ్ రిజల్ట్ వచ్చింది. పాసయ్యాను. జనవరిలో ఐర్లండ్. క్యాన్సిల్ పెడుతున్నా" అన్నాడు.

అభినందనలు చెప్పాను. సిగ్నల్ దగ్గర గేరు తప్పు వేశాను.

"నా ఫ్లాష్ మీకే అంకుల్. ఆచారం కదా."

అక్టోబరు 21, మంగళవారం. సాయంత్రం 5.50

కెవిన్‌వాళ్ళు ఇండిపెండెంట్ సంఘం. కాబట్టి ఇండిపెండెంట్ ఫ్లాష్. నాలుగో కంపెనీ. ఎవరి మాటా వినదు.

జనవరిలో కెవిన్ వీడ్కోలు ఫొటో తీయాలి. ఈసారి కాపాడటానికి కెవిన్ ఉండడు, వరసలో నిలబడి ఉంటాడు. ఆ కుర్రాడి మొహం బాగా రావాలి. వాళ్ళమ్మ పాలకొల్లులో గోడకి తగిలిస్తుంది.

కొత్త తీర్మానాలు:
1. రోజూ ఆరు నుంచి ఏడు అభ్యాసం. కూర్చుని కాదు.
2. కొత్త వస్తువు కొనను. (సాక్షి సంతకానికి మణికుమారి నిరాకరించింది. మూడో గొడుగు కనబడిందట.)
3. కెవిన్‌ని రోజూ అడుగుతాను. తెలిసింది కూడా అడుగుతాను. వెళ్ళేలోపు అన్నీ అడిగేస్తాను.

6.05. మెసేజ్ పెట్టాను: "ఖాళీయా? ఒక డౌటు."

6.06. జవాబు: "వస్తున్నా అన్నా."

అన్నా! రెండుసార్లు చదివాను. ఫోన్ తీసుకెళ్ళి మణికుమారికి చూపించాను.

"ఐర్లండ్ సూట్‌కేసులు మొయ్యడానికి మనిషి కావాలేమో" అంది, ఇడ్లీ పాత్ర తోముతూ.